అటు తిరిగిన ఆవిడ

అమెరికాలోని ట్రాయ్‌లో మా పక్కింటి అంకుల్ కార్ల కంపెనీలో రిటైరయ్యాక మ్యూజియంలో గైడ్‌గా వాలంటీర్ చేసేవారు. పంతొమ్మిదో శతాబ్దపు స్కాట్లండ్ చిత్రకారుడొకడంటే ఆయనకు ప్రాణం. లండన్‌లో గొప్పింటివాళ్ల ముఖాలు గీసి పేరు తెచ్చుకున్న ఆ జాలరి కొడుకు, భార్య పోయాక సొంతూరి తీరానికి వెళ్లిపోయి, చివరిదాకా ఆమెనే గీశాడట. అన్ని బొమ్మల్లోనూ ఆమె సముద్రాన్ని చూస్తూ, మనకు వీపు తిప్పి ఉంటుంది.

ముఖమెందుకు లేదని మనవాళ్లెవరు అడిగినా అంకుల్ గుండె మీద చెయ్యేసుకుని, “అది తన ఒక్కడి కోసమే దాచుకున్నాడమ్మా” అనేవారు. నాకది కాస్త నాటకంలా అనిపించేది.

అంకుల్ భార్య పోయిన ఏడాదికి మా అమ్మాయిని మ్యూజియంలో ఆ బొమ్మల దగ్గరికి తీసుకెళ్లాను. “ఫేస్ ఎందుకు లేదు, అంకుల్?” అంది. ఆయన చెయ్యి గుండె దాకా వెళ్లి ఆగిపోయింది.

“గుర్తు రాలేదేమోనమ్మా.”

తర్వాత మాకు వీపు తిప్పి, ఫోన్‌లో ఆంటీ ఫొటో వెతుక్కుంటూ చాలాసేపు అలాగే నిలబడ్డారు.