బ్యాడ్జర్ పలకలో సన్నటి కొస

మా అమ్మాయి టీచరును కలవడానికి బడికి వెళ్ళి, నా వంతు కోసం కారిడార్‌లో కూర్చున్నాను. బయట వాన. పక్క గదిలో ఎవరో చెక్కపలకల పెట్టెను ఒక్కసారిగా నేలమీద బోర్లించారు. ప్లాస్టిక్ బొమ్మలు పడితే వచ్చే చప్పుడు వేరు. ఇది బరువుగా, పొడిగా, ఒకదాని మీద ఒకటి సర్దుకుంటూ ఆగే చప్పుడు. అది చెవిన పడగానే నా బొటనవేలు దానంతటదే చూపుడువేలి మీద రాసుకుంది, చెక్క అంచు నునుపు చూస్తున్నట్టు. అచ్చమ్మ ఆంటీ దగ్గర ఆరేళ్ళు పనిచేసిన వేలు అది. ఆంటీ పోయి ఈ చలికాలానికి ఏడాది.

ఆమె ఫిజీ తెలుగామె. బా అనే ఊరి దగ్గర చెరకు తోటల్లో పుట్టింది. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడని తప్ప ఆ ఊరి పేరు కూడా ఇంట్లో ఎవరికీ మిగల్లేదు. పెళ్ళయ్యాక భర్త దగ్గర వడ్రంగం నేర్చుకుంది. ఫిజీలో గొడవలు వచ్చినప్పుడు ఇద్దరూ కెనడాలో ఉన్న ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్ళి, ఆల్బెర్టాలో కొన్నేళ్ళు ఉన్నారు. భర్త పోయిన తరవాత, కూతురు ఆక్లాండ్‌కు దక్షిణాన ఉన్న హామిల్టన్ ఊరి ఆసుపత్రిలో నర్సుగా ఉండడంతో ఇక్కడికి వచ్చింది. ఆ ఊళ్ళోనే ఫ్రాంక్టన్ పేటలో, టైర్ల దుకాణం వెనక ఒక రేకుల షెడ్డు తీసుకుని బడిపిల్లల కోసం చెక్కపలకలు చేసేది. నేను ఈ దేశపు దక్షిణపు చివర ఇన్వర్‌కార్గిల్‌లో చదువు ముగించుకుని, ఫ్లాట్‌మేట్ కారులో రెండు సూట్‌కేసులతో ఉత్తరానికి వచ్చి, ఉద్యోగం కోసం తిరుగుతూ ఒకరోజు ఆ షెడ్డులోకి అడుగుపెట్టాను.

"తెలుగా?" అంది తలెత్తకుండానే.

"అవునాంటీ. నూజివీడు."

"మామిడికాయల ఊరు. పేరు వింటిని. రంపం పట్టినావా ఎప్పుడైనా?"

"లేదాంటీ. బిజినెస్ డిప్లొమా చేశాను."

"ఫికర్ లేదు. అది చదివినోళ్ళు కూడా నేర్చుకుంటారు."

ఆమె తెలుగు అలా ఉండేది. చూస్తిని, పోతిమి అని మా తాతమ్మ నోట కూడా నేను సరిగ్గా వినని మాటలు, మధ్యలో ఫిజీ హిందీ. నా తెలుగు విని ఆమె నవ్వేది. "నీ తెలుగులో ఇంగ్లీషు తీసేస్తే ఏం మిగిల్తాది పిల్లా? చెయ్యడం, అవ్వడం, అంతే." నిజమే.

మేం చేసే పలకల సంగతి కాస్త చెప్పాలి. ఒక్కో జంతువుకు ఒక్కో పలక. పలక మీద ఉత్తర అమెరికా పటం ఉంటుంది. ఆ జంతువు ఎక్కడెక్కడ బతుకుతుందో అంత మేరా పలకను కోసి, ఒకే ముక్కగా బయటికి తీస్తాం. ముక్క ఆకారమే ఆ జంతువు ఉండే చోటు. ముక్క పైన జంతువు బొమ్మ, ముక్క ఎత్తితే అడుగున అది బతికే నేల బొమ్మ. ఆక్లాండ్‌లో ఒక కంపెనీ ఇలాంటివి కొని ఇక్కడి బడులకూ, కెనడా బడులకూ అమ్మేది. వాళ్ళు ఇచ్చిన కొత్త ఆర్డరులో అమెరికన్ బ్యాడ్జర్ ఉంది, గోళ్ళతో నేల తవ్వి బొరియల్లో బతికే పొట్టికాళ్ళ జంతువు. దాని బొమ్మ వెతికే పని ఆంటీ నాకు అప్పగించింది. నేను కంప్యూటర్‌లో అందమైన బ్యాడ్జర్‌ను ఒకదాన్ని వెతికి, రంగుల్లో ప్రింటు తీసి, గర్వంగా ఇచ్చాను. తెల్లటి మొహం, రెండు కళ్ళ మీదుగా రెండు నల్లటి పట్టీలు.

ఆంటీ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "ఇదెవరు?"

"బ్యాడ్జరాంటీ."

"ఇది లండన్‌ది. టీ తాగే రకం. మనది బల్లపరుపుగా ఉంటాది, ఎవరో తొక్కిపోయినట్టు. ముక్కు నుంచి నెత్తి మీదికి ఒకటే తెల్ల గీత. నే చూస్తిని గదా."

చూసిన కథ ఆ రోజు చెప్పింది, తరవాత చాలాసార్లు చెప్పించుకున్నాను. ఆల్బెర్టాలో తమ్ముడి ఇంటి వెనక గడ్డి మైదానం. ఒక పొద్దున బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల నేలలోంచి మట్టి ఎగిరిపడుతోంది. మనిషి లేడు, పార లేదు, మట్టి మాత్రం పంపులోంచి వచ్చినట్టు వెనక్కి చిమ్ముతోంది. "ఎవరినో బతికుండగానే పూడ్చినారు, లేచి వస్తుండారు అనుకొంటిని. చేతిలో తడి దుప్పటితో పరిగెత్తి లోపల పడితిని." తమ్ముడు బయటికి వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడట. "అక్కా, అది నేలఉడతని తవ్వుకుంటుండాది. నువ్వు బెదిరినావు గానీ అది నిన్ను చూడనే లేదు." కాసేపటికి కన్నంలోంచి మట్టి కొట్టుకున్న మొహం ఒకటి బయటికి వచ్చి, ఆమె వంక విసుగ్గా చూసి, మళ్ళీ పనిలో పడిందట. ఆ విసుగు మొహం ఆంటీ ఎంత బాగా పెట్టేదంటే, టైర్ల దుకాణంలో కుర్రవాళ్ళు కూడా అడిగి మరీ పెట్టించుకునేవారు.

ఆ తరవాత ఆమె దాని గురించి దొరికినదల్లా చదివింది. దానికి కావలసినవి రెండే అని చెప్పేది. తవ్వితే కూలకుండా నిలిచే గుల్ల నేల, ఆ నేలలో నేలఉడతల్లాంటి తిండి. చెట్లు దట్టంగా ఉన్న అడవి దానికి పనికిరాదు. అందుకే కెనడా దక్షిణాన గడ్డి మైదానాల్లో మొదలై, అమెరికా పడమటి భాగమూ నడిమి భాగమూ నిండా పరుచుకుని, మెక్సికో నడిమి దాకా దిగుతుంది. తూర్పుకు పోయేకొద్దీ సన్నబడి, పెద్ద సరస్సుల దగ్గర ఆగుతుంది. ఆ చివర, రెండు సరస్సుల నడుమ, ఒంటారియో దక్షిణపు అంచులోకి ఒక కొస పోతుంది. అక్కడ అవి చాలా కొద్ది.

ఆ కొస దగ్గరే వచ్చింది తంటా. మేం పంపిన మొదటి నమూనా ఆక్లాండ్ చేరి, వాళ్ళ ఆఫీసులో రెండో రోజే ఆ కొస విరిగింది. కంపెనీలో మా పని చూసే లిన్ ఫోన్ చేసింది. మర్యాదగానే చెప్పింది. విరిగే ముక్క ఐదేళ్ళ పిల్లల చేతికి ఇవ్వలేం, ఆ కొస కోసేసి అంచు గుండ్రంగా చేస్తే సరిపోతుంది, లేకపోతే మొత్తం ఆర్డరు మరొకరికి ఇవ్వాల్సి వస్తుంది. ఆ ఏడాది మాకున్న పెద్ద పని అదొక్కటే. పని లేకపోతే షెడ్డులో రెండో మనిషి అక్కర్లేదు. ఆ రెండో మనిషిని నేను. నా వీసా ఆ ఉద్యోగం మీద ఆధారపడి ఉంది.

"కోసేద్దాం ఆంటీ," అన్నాను. "చిటికెనవేలంత. ఎవరు చూస్తారు?"

"ఒంటారియోలో పిల్ల చూస్తాది."

"ఏ పిల్ల?"

"ఎవతో ఒకతె. పలక ముందర పెట్టుకుని మా ఊరేది అని వెతుక్కుంటాది. వాళ్ళ పొలంలో బ్యాడ్జరు తవ్విన కన్నం ఉంటాది. పలకలో ఉండదు. అప్పుడు ఆ పిల్ల కన్నం అబద్ధం అనుకోవాల్నా, మన పలక అబద్ధం అనుకోవాల్నా?"

"అక్కడ ఉన్నవే కొద్ది అని మీరే అన్నారు కదా."

"కొద్ది అంటే లేవని కాదు గదా." ఉప్పుకాగితం పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "బాలో మా వీధిలో తెలుగు మాట్లాడే ఇండ్లు మూడు. బడిలో మాస్టరు అందరికీ హిందీ అని రాసుకునె. మూడిండ్లకి వేరే ఎందుకులే అనె. మా నాయన పోయి కొట్లాడె."

"గెలిచారా?"

"ఏడ గెలిచె? ఓడిపోయి వచ్చి ఇంట్లో తెలుగు ఇంకా గట్టిగా మాట్లాడబట్టె. పక్కింటోళ్ళకి నిద్ర లేదు."

నేను నవ్వి, ఆ రెంటినీ కలిపి ఏదో అన్నాను. మనం కూడా ఆ కొసలాంటి వాళ్ళమే కదాంటీ, అని. ఆమెకు అలాంటి మాటలు గిట్టవు. "మనమెందుకు దాంట్లోకి? అది బ్యాడ్జరు. దానికి గుల్ల నేల కావాల, నేలఉడత కావాల. నీకు వీసా కావాల. వేరే వేరే. రెండూ చూద్దాం, రా." అప్పటినుంచి ఇప్పటి వరకు, ఏదైనా రాస్తూ పోలికలోకి జారుతున్నప్పుడు నాకు ఆ "వేరే వేరే" వినిపిస్తుంది. చాలాసార్లు ఆ వాక్యం కొట్టేస్తాను.

రెండూ చూడడం అంటే ఆమె ఉద్దేశంలో పని చేయడం. ప్లైవుడ్‌ను పటం నిలువుకు సరిపోయేలా పెట్టి కోస్తున్నాం. అందువల్ల పైపొరలో చెక్కనార కొసకు అడ్డంగా పడుతోంది. అడ్డంగా పడిన చోట విరుగుతోంది. ఆంటీ షీటును తిప్పింది. నార కొస వెంటే పారేలా పెట్టి కోస్తే చెక్క ఎక్కువ వృథా అవుతుంది, కానీ కొస గట్టిపడింది. నేను బల్ల మీద నుంచి పడేశాను, విరగలేదు. ఆమె దాని మీద కూర్చుంది, విరగలేదు. "ఇంక ఏనుగును తేవాల," అంది. కానీ పలకలో పెట్టేటప్పుడు లావు వైపు ముందు నొక్కి, కొసను బలవంతంగా దూర్చితే మాత్రం ఇంకా చిట్లుతోంది. దానికి ఇద్దరికీ ఉపాయం తోచలేదు.

"పెద్దోళ్ళం మనకి తెలీదు. వాడేవాళ్ళని అడుగుదాం," అని మర్నాడు పలకలు కారులో వేసుకుని దగ్గర్లోని బడికి తీసుకుపోయింది. అక్కడి టీచరు ఆమెకు పాత స్నేహితురాలు. ఐదేళ్ళ పిల్లలు చుట్టూ చేరారు. ఆంటీ బ్యాడ్జర్ బొమ్మ చూపించి, ఇది స్టోట్‌లకీ ఫెర్రెట్‌లకీ దూరపు చుట్టం అని చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. ముంగిసల్లా ఉండే ఆ రెండూ ఈ దేశంలో నేల మీద గూడు పెట్టే పక్షులను తినేస్తాయి, వాటిని బోను పెట్టి పట్టాలి, పిల్లలు ఉగ్గుపాలతో నేర్చుకునే సంగతి అది. వెంటనే ఒక బుడత చెయ్యెత్తింది.

"దీన్ని ఏ బోనుతో పట్టాలి? మా నాన్న దగ్గర రెండు రకాలున్నాయి."

"పట్టకూడదు తల్లీ," అంది ఆంటీ. "ఇది దాని ఇంట్లోనే ఉంది."

"స్టోట్ దాని ఇంట్లో లేదా?"

"దాన్ని ఎవరో ఓడలో తెచ్చి వదిలారు. దాని ఇల్లు వేరే. ఇది మాత్రం ఎక్కడ పుట్టిందో అక్కడే తవ్వుకుంటోంది."

ఆ పిల్ల క్షమించినట్టు తలూపి, ముక్క చేతిలోకి తీసుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఒంటారియో కొస మీద వేలు పెట్టి, "ఇది ముక్కు," అని తేల్చింది. "కన్నంలోకి ముక్కు ముందు పోతుంది." కొసను ముందు దాని సందులో దూర్చి, తరవాత మిగతా ఒళ్ళంతా నెమ్మదిగా నేలకు ఆనించింది. ముక్క చప్పుడు లేకుండా కూర్చుంది. పక్కపిల్ల లాక్కుని తనూ అలాగే పెట్టింది. తరవాత అందరూ వరసకట్టి, "నోస్ ఫస్ట్! నోస్ ఫస్ట్!" అని అరుస్తూ పెట్టారు. ఆంటీ చిన్న కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తీసి, నీళ్ళు కారేదాకా నవ్వింది.

ఆ వారం లిన్ స్వయంగా వచ్చింది. ఆంటీ వాదించలేదు. టీ ఇచ్చి, రొట్టెలో బంగాళాదుంప కూర చుట్టి ఇచ్చి, పలక ముందు పెట్టింది. లిన్ లావు వైపు ముందు నొక్కబోయింది. ఆంటీ ఆమె మణికట్టు మీద మెల్లగా తట్టి, "నోస్ ఫస్ట్, డార్లింగ్," అంది. లిన్ తిప్పి పెట్టింది. తీసి మళ్ళీ పెట్టింది. మూడోసారి కూడా పెట్టాక, పెట్టె మూత మీద ఆ రెండు మాటలు అచ్చు వేయాలనీ, విరిగినవి తిరిగి వస్తే మాత్రం కొస తీసేయాలనీ షరతు పెట్టింది. కారెక్కబోతూ రొట్టెలు ఇంకో రెండు కట్టించుకుంది.

ఆ ఏడాదంతా ఫోన్ ఎప్పుడు మోగినా లిన్ ఏమో అని నేనే ముందు పరిగెత్తి ఎత్తాను. రెండు ముక్కలు తిరిగి వచ్చాయి. రెంటి మీదా పళ్ళ గాట్లు. "కుక్కలు," అంది ఆంటీ, వెలుతురులో పెట్టి చూసి. "వాటికి చదవరాదు." కొస అలాగే ఉండిపోయింది. నా ఉద్యోగమూ ఉండిపోయింది, దాని వెనకే రెసిడెన్సీ వచ్చింది. ఆ ఉత్తరం చూపిస్తే ఆమె కంగ్రాచులేషన్స్ అనలేదు. రంపం ఆపి, అచ్చు ఆ విసుగు మొహం పెట్టి నన్ను చూసి, మళ్ళీ పనిలో పడింది. నాకు అంతకన్నా మంచి అభినందన ఎవరూ చెప్పలేదు.

ఇవాళ కారిడార్‌లో కూర్చుని ఇదంతా అనుకుంటుండగా టీచరు నన్ను లోపలికి పిలిచింది. మా అమ్మాయి చదువు గురించి ఆమె ఏం చెప్పిందో సగమే విన్నాను. ఆమె వెనక నేలమీద ఇద్దరు పిల్లలు బ్యాడ్జర్ పలకతో ఆడుతున్నారు. రంగు వెలిసింది, అంచులు పిల్లల వేళ్ళకు నల్లబడ్డాయి. వాళ్ళలో ఒకడు లావు వైపు ముందు నొక్కుతున్నాడు. నేను లేవబోయాను. ఈలోపే పక్కనున్న పిల్ల, ఏ దేశపు పిల్లో నాకు తెలియదు, అచ్చమ్మ ఆంటీ ఎవరో దానికి తెలియదు, వాడి మణికట్టు మీద తట్టింది.

"నోస్ ఫస్ట్," అంది.

వాడు ముక్క తిప్పి, ఒంటారియోను ముందు పెట్టాడు.