గేటుకు అడ్డంగా నా కారు

షార్జాలో మా బిల్డింగ్ వెనక ఇసుక జాగాలో కార్లు ఒకదాని వెనక ఒకటి ఇరికించి పెట్టేవాళ్లం. ఎవరి దారి మూసేసినా తప్పు కాదు, అద్దం దగ్గర ఫోన్ నంబర్ రాసిన అట్టముక్క ఉంటే చాలు. అవసరమైనవాడు ఫోన్ చేస్తాడు, పెట్టినవాడు దిగొచ్చి తీస్తాడు. మాటకు అలా అంటారు గానీ, "ఐదు నిమిషాలల్ల వస్తున్న" అని అరగంట నిలబెట్టేవాళ్లం. అందులో మన తెలుగువాళ్లం అందరికన్నా మొండి. ఒకసారి మా మహబూబ్‌నగర్ మనిషితోనే చొక్కాలు పట్టుకునేదాకా పోయాను. తప్పు నాది, పెద్ద గొంతూ నాదే.

ఆ అలవాటు నాతోపాటే విమానం దిగింది.

అక్కావాళ్లది హాలియా వైపు. ఆ మార్చిలో వాళ్ల కొత్తింటి విందుకు వచ్చాను. పొద్దున్నే బావా నేనూ పొట్టేలు బేరానికి కిరాయి కారులో పక్కూరికి వెళ్లాం. మంద ఊరి బయట చేలల్లో ఉంది, అక్కడికి నడిచే పోవాలి. ఎండెక్కితే కారు కాలిపోతుందని ఒక ఇంటి గేటు ముందు వేపచెట్టు నీడన ఆపాను. గేటు లోపల ఆటో ఉంది. చూశాను. చూసే పెట్టాను.

"గేటుకు అడ్డమైతది, జర ముందుకు పెట్టు" అన్నాడు బావ.

"నంబర్ పెడుతున్న గదా" అని విసుక్కున్నాను.

గంటన్నర తర్వాత తిరిగొస్తే కారు చుట్టూ జనం. ఒక అవ్వ నన్ను చూడగానే లేచింది. "కండ్లు నెత్తికెక్కినయా? పిల్ల పరీక్షకు పోవాలె!"

నాకు సర్రున కోపం వచ్చింది. "నంబర్ పెట్టిన గదా, ఫోన్ చెయ్యొచ్చు గదా!" అని అరిచాను.

ఆటో ఆయన గొంతు పెంచలేదు. తన ఫోన్ నా ముందు పెట్టాడు. "చేస్తనే ఉన్న సార్, కలుస్తలేదు. నంబర్ పెట్టిండంటే మర్యాదగల మనిషి, దగ్గర్నే ఉంటడు అనుకున్నం. గట్లనుకునే ఎవరి బండీ అడగలే. ఇప్పుడు అడుగుదామంటే బండ్లున్నోళ్లందరు పనులకు పోయిండ్రు."

నేను రాసింది షార్జా నంబర్. ఆ సిమ్ము అక్కావాళ్లింట్లో, నా పెట్టెలో ఉంది. నా అంత బుద్ధిలేనివాడు ఆ ఊళ్లో ఇంకొకడు ఉండడనిపించింది.

పిల్లది ఇంటర్ పరీక్ష, హాలియాలో సెంటరు. తొమ్మిది దాటి నిమిషమైనా లోపలికి రానివ్వరు. అప్పటికి ఎనిమిదీ నలభై నాలుగు. ఆటో ఆయననీ ఆయన కూతుర్నీ వెనక కూర్చోబెట్టుకుని, బావను అక్కడే వదిలేసి బయలుదేరాను. కాలువ కట్ట మీద గడ్డి ట్రాక్టరొకటి అడ్డం. ఎంత హారన్ కొట్టినా పక్కకు జరిగే జాగా లేదు. అద్దంలో చూస్తే ఆ పిల్ల ఒళ్లో పరీక్ష అట్ట పెట్టుకుని, కండ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. చదివింది గుర్తుచేసుకుంటోందో, దేవుణ్ని మొక్కుతోందో తెలియదు. తండ్రి మాటిమాటికీ ఫోన్‌లో టైము చూస్తున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సెంటరు ముందు ఆగేసరికి తొమ్మిదీ రెండు. గేటు మూసి ఉంది. పిల్ల హాల్ టికెట్ పట్టుకుని ఉరికింది. లోపలి మనిషి తల అడ్డంగా ఊపాడు. నేను దిగి గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని ఊపాను. "తెరువుమంటే తెరువవా? నేనెవరో తెలుసా?" అని షార్జా ఇసుకలో అరిచినట్టే అరిచాను. రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. నేను ఆపలేదు.

ఆ పిల్ల వచ్చి నా పక్కన నిలబడింది. కండ్ల నిండా నీళ్లు, గొంతు మాత్రం చాలా మెల్లగా ఉంది.

"లొల్లి చెయ్యకుండ్రి సార్. లోపల మా దోస్తులు రాస్తున్నరు."