షట్టర్ కింద సాంబ్రాణి

ఎల్బీ నగర్ షోరూముల్లో సాంబ్రాణి వాసన తగిలితే నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి దగ్గరి నాలుగంతస్తుల చీరల దుకాణం గుర్తొస్తుంది. రోజూ పొద్దున వాచ్‌మన్ యాదయ్య అన్ని అంతస్తుల్లో ధూపం వేశాకే అక్కడ తొలి చీర విప్పేవారు.

ఒక తెలంగాణ బంద్ రోజు ఖాళీ రోడ్డు మీద ఆడుకుంటూ అటు వెళ్లాను. మూసిన షట్టర్ ముందు గులాబీ కండువాతో యాదయ్య కూర్చున్నాడు. షట్టర్ కింద నుంచి పొగ వస్తోంది. ఓనరును లోపల పెట్టి తాళం వేశాడేమో అనుకున్నాను.

“లోపల ఎవరు?”

“మా సారు. నేను బంద్‌ల ఉన్న గద బిడ్డా, ఇయ్యాల ఆయనే ధూపమేస్తుండు.”

పొగ పలచబడింది. యాదయ్య షట్టర్ తట్టాడు.

“సారూ, బొగ్గులు ఆరుతున్నయ్. జర ఊదున్రి!”

“ఊదుతున్నానయ్యా బాబూ!” లోపలి నుంచి దగ్గుతూ ఓనరు గుంటూరు గొంతు.

బంద్‌లో ఉన్నవాడు, రాళ్లు పడే రోజున ఇంటిపట్టున ఉండక ఆ షట్టర్‌కు అడ్డంగా ఎందుకు కూర్చున్నాడో పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.