హఫర్ దారిలో మల్లన్న

నిన్న మా వీధి మలుపులో లారీ కంకర దించింది. ఆ చప్పుడుకు నా చేతిలోని టీ ఒలికింది. ఇన్నేళ్లయినా కంకర జారుతుంటే నా కాళ్లు ఉన్నచోటే బిగుసుకుపోతాయి. మల్లన్న గుర్తొస్తాడు.

సౌదీలో హఫర్ అల్ బాతిన్‌కు ఆవల, ఎడారిలో కొత్త రైలు మార్గం వేస్తున్న రోజులవి. నేను కాకినాడ నుంచి వెళ్లి రెండు నెలలైన సర్వే ఇంజనీరుని. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మల్లన్న, కట్ట పోసే కూలీలకు ఫోర్మన్. గల్ఫ్ యుద్ధమప్పుడు ఆయన హఫర్‌లోనే ఒక గోదాములో తలదాచుకున్నాడట. పేలకుండా మిగిలిన బాంబులు ఇంకా ఇసుక కింద ఉన్నాయని రోజూ పని మొదలయ్యే ముందు హెచ్చరించేవాడు. "భయమైతలేదు అన్నోడు ఇయ్యాల కాంపులనే ఉండాలె" అనేవాడు. మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. మిలిటరీ వాళ్లు వెతికి శుభ్రం చేసినంత మేర రెండు పక్కలా తెల్ల జెండాలు ఉండేవి మరి.

ఒక ఇసుక తుఫాను మర్నాడు చాలా జెండాలు కూలిపోయాయి. నేను కొలత చూసుకుని మేకు పాతడానికి ముందుకు నడిచాను. వెనక లారీ కంకర దించుతోంది. ఆ చప్పుడులోంచే కేక వినబడింది.

"సారూ! ఆగు! కాలు లేపకు!"

నా ఎడమ పక్క, రెండు బారల దూరంలో, ఇసుకలోంచి తుప్పు పట్టిన బాంబు తోక రెక్క పొడుచుకొచ్చి ఉంది. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో, నా కాలి కిందే ఉందేమో! మల్లన్న లారీని ఆపించాడు.

"నీ అడుగులు కనవడుతున్నయా?"

"గాలికి పూడిపోతున్నాయి మల్లన్నా."

"కదలకు. నేనొస్తున్న."

మిగిలిన నా అడుగు గుర్తుల్లోనే కాలు మోపుతూ, తిరిగొచ్చేటప్పుడు కనబడేలా ఒక్కో అడుగునూ గట్టిగా నొక్కుతూ వచ్చాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి నా చేతికన్నా ఎక్కువ వణుకుతోంది.

"నీకూ భయమేనా?"

"మస్తు భయం. గందుకే సూసి నడుస్తున్న. నా ఎనుకనే రా."

బయటపడ్డాక కూలీలందరినీ కూర్చోబెట్టేశాడు. మిలిటరీ వచ్చి మళ్లీ వెతికేదాకా పార లేవదన్నాడు. కాగితాల్లో అంతా శుభ్రమనే ఉందని మేనేజరు హిందీలో కసిరాడు, పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించి మల్లన్నను ఇంటికి పంపిస్తానన్నాడు. తర్వాత నావైపు తిరిగి, నువ్వే హద్దు దాటి వెళ్లావు కదా అన్నాడు. అవునంటే నా ఉద్యోగం నిలిచేది, పనీ సాగేది. మల్లన్న నావైపు చూడనైనా లేదు.

"బాంబు హద్దు లోపలే ఉంది సార్. కొలిచాను. అక్కడికి వెళ్లాలంటే నాకు భయంగా ఉంది" అన్నాను.

పని ఆగింది. వెతికితే ఆ మేరలో ఇంకో నాలుగు దొరికాయి. వాటిని దూరం నుంచి పేల్చినప్పుడు కాంపు రేకులు అదిరాయి. అయినా ఆ ఏడాదే మల్లన్నకు ఎగ్జిట్ కొట్టేశారు. బస్సెక్కుతుంటే క్షమించమన్నాను.

"నా మందిల ఎవ్వనికేం గాలే సారూ. గది సాలు" అన్నాడు.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లున్నారు. పోయిన నెల, కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి సొరంగం నోటి దగ్గర ఆగిపోయి, "ఎందుకో నాకు భయంగా ఉంది సార్" అంది. అందరినీ బయటికి పిలిపించాను. ఎందుకని ఆ తర్వాతే అడిగాను.