కమాన్ కడుపుల తొవ్వ

“గా కమాన్ పడ్డదా?” అని అడిగిండు మా మేస్త్రి.

“పడలే. నోరు మూసుకొని పండుకో” అన్న.

మా ఇద్దరి నడుమ ఆఖరి మాటలు గవ్వే. పొద్దుగూకేసరికి మనిషి లేడు. పోయేటోడు పెండ్లాన్ని పిల్లల గురించి అడుగుతడు, పొలం గురించి అడుగుతడు. మా ఆయన కమాన్ గురించి అడిగిండు. ఆయన పేరు నేను చెప్ప. మేస్త్రి అనే రాయి.

రాసేది నా తమ్ముని బిడ్డ సుజాత. నాకు నా పేరు తప్ప రాయరాదు. ఎన్కటి సున్నం పని ఎట్లుంటుండెనో ఎవరో తెల్సుకుంటమన్నరట. చెప్త. తియ్యగ చెప్పుమంటె మాత్రం నాతోని కాదు.

నిజాం సర్కారు పోయినంక, ఇంకా ఆంధ్రల కలవకముందు, మంథనిల గోదారి పొంగి పాత వాడ మీదికెల్లి పోయింది. డంగుసున్నంతోని కట్టిన ఇండ్లు అవి. గోడల మీద సున్నంతోనే చేసిన చిలుకలు, తీగెలు. వాడ మొగదల పెద్ద కమాన్, బండ్లు కిందికెల్లి పోయే వంపు దర్వాజ. నీళ్ళు తీసేసరికి మొండిగోడలు మిగిలినయి. మళ్ళ కట్టిపిస్తమని సర్కారు కరీంనగర్ నుంచి ఒక ఓవర్సీరును తోలింది. ఆయన మా ఆయనను మేస్త్రిగ పెట్టుకున్నడు, నన్ను సున్నం నూరే ఆడోళ్ళ ముఠాకు పెద్దగ పెట్టుకున్నడు.

అందరికంటె పైన ఇంజినీరు సాబు. ఆయన మాకు జీపుల టోపీ లెక్క కనపడి పోతుండె. ఆయన కింద ఓవర్సీరు, ఓవర్సీరు కింద గుత్తేదారు, గుత్తేదారు కింద మేస్త్రి, మేస్త్రి కింద మొగ కూలోళ్ళు, వాళ్ళ కింద మేము. మా కింద గానుగ ఎద్దు. దానికి మాకన్న ముందు నీళ్ళు పెడుతుండిరి.

పని ఎట్లంటె, సున్నపురాయి బట్టీల కాల్చాలె. కాల్చినదాన్ని గుంతల ఏసి నీళ్ళు పొయ్యాలె, అది పొంగి పొగలు కక్కి సల్లబడుతది. దాన్ని జల్లెడ పట్టి, ఇసుక కలిపి గానుగల ఏస్తం. ఎద్దు తిరుగుతుంటె రాతిచక్రం నూరుతది, మేం పారలతోని ఎగేసుకుంట, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసుకుంట దాని ఎంట తిరుగుతం. వేలు పెడితె వెన్న లెక్క రావాలె. చేతుల తోలు ఊడేది మాకు, వెన్న లెక్క వచ్చిందని మెచ్చుకోలు మేస్త్రికి.

ముందు ఏం కట్టాలె అని ఓవర్సీరు వాడ పెద్దలను అడిగిండు. నెత్తి మీద కప్పు లేదు, పిల్లలు తడుస్తుండ్రు. అయినా వాళ్ళేమన్నరు? కమాన్ అన్నరు. కమాన్ లేని వాడ వాడేనా అన్నరు. ఓవర్సీరు నవ్వి రాసుకున్నడు. ఇండ్లు లేని వాడకు గేటు పెట్టుడు నేను గప్పుడే చూసిన.

కమాన్ కట్టాల్నంటె ముందు దాని కడుపు నింపాలె. కర్రతోని గుర్రం, అంటె వంపును కిందికెల్లి మోసే చట్రం, నిలబెడుదురు, గని పొడుగు కర్ర అంత గోదాట్ల పోయింది. అందుకే రెండు కాళ్ళ నడుమ రాళ్ళు, మట్టి నిండ పోసి, పైన తడిమట్టితోని వంపు దిద్ది, ఆ వంపు మీద ఇటుకలు పేర్చిండ్రు. సున్నం గట్టిపడేదాక ఆ మట్టే కమాన్‌ను మోస్తది. గట్టిపడ్డంకనే మట్టి తియ్యాలె. ముందే తీస్తె ఇటుకలు నెత్తి మీదికి వస్తయి. గిది మేస్త్రికి తెల్సు, ఓవర్సీరుకు తెల్సు, గుత్తేదారుకు తెల్సు.

కమాన్ మూసుకపోయినంక వాడకు ఇంకొక్క తొవ్వే మిగిలింది. ఎనుక దిబ్బ మీదికెల్లి, మా పనోళ్ళ గుడిసెల నడుమ నుంచి. గోదారి వచ్చిన నాడు ఈ వాడోళ్ళంత ఉరికొచ్చి మా గుడిసెలల్లనే పడుకున్నరు, మా గంజే తాగిండ్రు. నీళ్ళు తీసినంక అదే తొవ్వల ముక్కు మూసుకొని పోయి వస్తుండ్రు.

కమాన్ ఇంకా పచ్చిగ ఉన్నప్పుడు పెద్ద పట్వారి సచ్చిపోయిండు. వాడల అందరికన్న పెద్ద మనిషి. ఆయన కొడుకు, చిన్న పట్వారి, మా ఆయనను పిలిపిచ్చిండు.

“మేస్త్రీ, మా తాత, ముత్తాత కమాన్ కిందికెల్లే గోదారికి పోయిండ్రు. బాపును గూడ గట్లనే తీస్కపోవాలె. జర మట్టి తీపియ్యి.”

“పడుతది దొరా” అన్నడు మా ఆయన.

“ఎనుక తొవ్వ ఉన్నది గద?” అని నేనన్న.

నన్ను చూడలే. మా ఆయనతోనే అన్నడు. “గుడిసెల నడుమ నుంచి బాపును ఎట్ల తీస్కపోతం? మైల గాదా?”

బతికినోళ్ళకు లేని మైల పీనుగకు వచ్చింది. ఓవర్సీరు దగ్గరికి పోతె, “మీ ఆచారం మీది, నేను నడుమ రాను” అని గొడుగు పట్టుకొని పోయిండు. గుత్తేదారుకు ఆ పూటనే పెద్దపల్లిల పని పడ్డది. మిగిలింది మా ఆయన. ఎవలన్న చేతులు జోడిస్తె ఆయనకు కాళ్ళు నిలువవు.

“మొత్తం తియ్య” అని నాతోని అన్నడు. “కింద బొంద తవ్వుత. పైమట్టి గట్లనే ఉంటది. వాళ్ళు వంగి పోతరు.”

“పైమట్టి జారితె?”

“లోపల నేనుంట. కర్రలు పెట్టి పట్టుకుంట.”

“మట్టిని పట్టుకుంటవా, మట్టిల పోతవా? నీకు ముగ్గురు పిల్లలున్నరు.”

“పెద్దోళ్ళు అడిగిండ్రే.”

“నేనడిగితె ఎప్పుడన్న బొంద తవ్వినవా?”

పార పట్టుకొని పోయిండు.

నక్క బొక్క లెక్క తవ్విండు. అటు ఇటు నాలుగు మొద్దులు నిలబెట్టి, నడుమల తను కూసున్నడు, వీపుకు ఒక మొద్దు ఆనించుకొని. నేను అవతలి దిక్కు, గోదారి దిక్కున నిలబడ్డ. మా ముఠా ఆడోళ్ళంత పారలు పట్టుకొని నా ఎనుక నిలబడ్డరు, పడితె తవ్వి తియ్యాలె గద.

ముందు చిన్న పట్వారి వచ్చిండు, నిప్పుకుండ పట్టుకొని, మోకాళ్ళ మీద. బొక్కల పొగ నిండింది. దగ్గుకుంట, కండ్లు తుడుసుకుంట ఇవతల పడ్డడు. పట్టుపంచె అంత మట్టి. ఎనుక పాడె. మోసేటోళ్ళు నలుగురు, సొంత మనుషులే. సగం దూరం వచ్చిండ్రు. పాడె కర్ర పోయి ఒక మొద్దుకు తాకింది. మీదికెల్లి గంపెడు మట్టి రాలింది. గంపెడే. నలుగురు పాడె ఇడిచి, ఇద్దరు ఇటు, ఇద్దరు అటు ఉరికిండ్రు. ఒగడు నా కాళ్ళ మీదనే పడ్డడు.

లోపల మిగిలింది పీనుగ, మా ఆయన.

“ఓ మేస్త్రీ, రా ఇవతలికి” అని మొత్తుకున్న.

“పెద్దాయన అడ్డమున్నడు” అన్నడు లోపలికెల్లి.

“ఆయన మళ్ళ సావడు. నువ్వు రా.”

రాలే. ఇంకింత మట్టి రాలిన సప్పుడైంది. చిన్న పట్వారి నిప్పుకుండ పట్టుకొని నిలబడి, “జర మెల్లగ తోయి మేస్త్రీ” అన్నడు. ముట్టకు అనలే. మైల అనలే. మా గుడిసెల గాలి తాకితె ఖరాబయ్యే పీనుగను మా ఆయన రొమ్ముకు ఆనించుకొని, మోకాళ్ళతోని తోసుకుంట వచ్చిండు. ముందు పట్వారి కాళ్ళు ఎల్లినయి, ఎనుక తల, దాని ఎనుక మా ఆయన తల. ఇద్దరి మొఖాలు ఒక్క తీరుగనే ఉన్నయి, మట్టి పూసుకొని. నేను మా ఆయన సంకల చెయ్యేసి గుంజిన.

బయటికొచ్చినంక మా ఆయన మీద కాదు, పీనుగ మీద నీళ్ళు సల్లిండ్రు. మళ్ళ నలుగురు ఎత్తుకున్నరు, గోదారికి పోయిండ్రు. మా ఆయన పీనుగను ముట్టిన మాట ఆ వాడల మళ్ళ ఎవ్వలు ఎత్తలే.

“బరువు లేడే పెద్దాయన” అన్నడు మా ఆయన, గౌరవం దొరికినట్టు.

కమాన్ పడలే. నడినెత్తిన వేలు పట్టేంత బీట ఇచ్చింది. ఓవర్సీరు వచ్చి తల పైకెత్తి చూసి, “ఇదేంది?” అన్నడు. “ఎండకు” అన్నడు మా ఆయన. ఓవర్సీరు సరేనన్నడు. ఎందుకనడు? ఆ బీట మీద మా ఆయన సున్నంతోని ఒక చిలుకను చేసి అతికిచ్చిండు. మిగిలిన చిలుకలు వాడ అందానికి, ఇది బీట మూసేతందుకు. అందరు దాన్నే మెచ్చుకున్నరు. ఇండ్లు ఎనుకనో ముందో, కొన్నొచ్చినయి. వాడల సగం మంది అప్పటికే కరీంనగర్ పోయిండ్రు.

కమాన్ ఇప్పటికీ ఉన్నది. కిందికెల్లి మోటర్లు పోతున్నయి. మా ఆయన మాత్రం, మేం వేరే ఊరికి పోయినంక గూడ, ఎప్పుడు మంథని పోయినా దాని కింద నిలబడి చిలుక దిక్కు చూస్తుండె, బస్సు ఎల్లిపోయినా సరే. పడుతదేమోనని పానం పోయేదాక ఫికరే. దాని కడుపు తవ్విపిచ్చిన పట్వారి కొడుక్కు ఆ ఫికర్ లేదు, ఓవర్సీరుకు లేదు, గుత్తేదారుకు లేదు.

ఈ పనిల నేను నేర్సుకున్నది చెప్త, రాయి. ముందు ఇండ్లు కట్టాలె, కమాన్ ఎనుక కట్టాలె. సున్నం ఆరేదాక కడుపుల మట్టి ముట్టొద్దు, సచ్చినోడు అడిగినా, బతికినోడు అడిగినా. తవ్వుమన్నోడు ముందు తను బొక్కల కూసోవాలె. గంతే.

ఇగ మొదటికెల్లి సదువు బిడ్డా. ఆయన అడిగినకాడ, నేను పడలే అన్నకాడ, జర మెల్లగ సదువు.