కొయ్యబారిన ఓటు

మా ఊళ్ళో నాకు రెండింటికి పేరుంది. ఒకటి నోరు. రెండోది బిగుసుకుపోవడం. ఈ రెండూ తెచ్చి ఒకే మనిషి నెత్తిన పెట్టిన దేవుడితో నాకు ఇప్పటికీ మాటల్లేవు.

ఈ బిగుసుకుపోవడం పెళ్ళైన నాలుగో ఏట మొదలైంది. బాగా కోపమొచ్చినా, ఉలిక్కిపడినా, ఉన్నదాన్ని ఉన్నట్టే కొయ్యబారిపోతాను. కళ్ళు తెరిచే ఉంటాయి. నోరు కదలదు, పిలిస్తే పలకను. పావుగంటకో ఇరవై నిమిషాలకో దానంతటదే వదులుతుంది. ఫిట్స్ కాదని, దీన్ని కెటలెప్సీ అంటారని గుంటూరు డాక్టరుగారు చెప్పి మాత్రలు రాశారు. మాత్రలతో ఏడాదికి మూడు నాలుగుసార్లకు తగ్గింది. ఆ సమయంలో ఎవరైనా నా చెయ్యి ఎత్తి వదిలేస్తే, వదిలిన చోటే గాల్లో ఉండిపోతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ నాకు అన్నీ వినపడుతూనే ఉంటాయి. అసలు నరకం అదీ.

ఎందుకంటే బిగుసుకున్న మనిషి దగ్గర మనవాళ్ళకు సిగ్గూ శరం ఉండవు. ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. గుప్పిట్లో తాళాలు పెడతారు. చెప్పు వాసన చూపిస్తారు, ఆ చెప్పైనా నాది కాదు, మా ఆయనది. మా అత్తయితే ఒకసారి కోటప్పకొండకు మొక్కుకుంటూనే, చాపి ఉన్న నా చేతి మీద తడి తువ్వాలు ఆరేసింది. నాకు చల్లగా ఉంటుందని వేశానని ఇప్పటికీ చెబుతుంది. మరి ఆరేదాకా తియ్యలేదేం?

అలాంటప్పుడు కూడా నన్ను మనిషిలా చూసింది ఒక్కతే. మా వీధి చివర ఉంటుంది, బళ్ళో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఒక వేసవిలో మిరపకల్లంలో కాయలు ఏరుతూ నేను బిగుసుకుపోయాను. అందరూ చుట్టూ చేరి గోల పెడుతుంటే ఆమె వాళ్ళను పక్కకు నెట్టి, నా మొహాన ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకుని పక్కన చతికిలబడింది.

“నీకు వినపడిద్దిలే వదినా, కంగారు పడమాక,” అంది.

అని ఊరుకోలేదు. నాకు పొద్దుపోవాలని, వాళ్ళ మేక ఈనిన సంగతి దగ్గర్నుంచి ఊరి కబుర్లన్నీ చెప్పింది. అన్నేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు ఇంకొకరు లేరు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు కారడం చూసి, “వినపడిద్దని చెప్పలా?” అని అందరి మీదా ఎగిరింది.

పోయిన పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకు వచ్చింది. మా ఆయన నాపరాళ్ళ లారీ తోలుతాడు గానీ ప్రాణమంతా రాజకీయంలోనే ఉంటుంది. నామినేషన్ నాది, ప్రచారం ఆయనది. పోస్టర్లో దణ్ణం పెడుతూ నిలువెత్తు ఆయన, మూలన తపాలా బిళ్ళంత నేను. గెలిచాక ఊరంతా ఆయన్నే మెంబరుగారూ అని పిలిచింది. పిలిచిన ప్రతిసారీ ఆయన పలికాడు కూడా.

పక్క వార్డులో ఆ బడి వంటామె గెలిచింది. ఇంకో వార్డులో మా మరిది గెలిచాడు. ఉపసర్పంచి పదవికి వాళ్ళిద్దరే పోటీ. మెంబర్లు, సర్పంచి కలిసి చేతులెత్తి ఎన్నుకోవాలి. మొత్తం పదకొండు ఓట్లు. అటు ఐదు, ఇటు ఐదు ఖాయమైపోయాయి. తేల్చాల్సింది నా చెయ్యి. ఆ చెయ్యి నీకేనని నేను వంటామెకు మాటిచ్చాను. అది తప్పితే ఈ జన్మకు ఆమె మొహం చూడలేను. మా ఆయన కూడా వాళ్ళ తమ్ముడికి మాటిచ్చాడు. ఆయన ఇచ్చిందీ నా చెయ్యే.

“తమ్ముడి పేరు చదవంగానే ఎనకమాల నేను దగ్గుతా. నువ్వు చెయ్యెత్తు. అంతకుమించి నువ్వేం ఆలోచించమాక,” అన్నాడు ఆ రోజు పొద్దున.

“దగ్గొస్తే మందు తాగు,” అన్నాను. విననట్టు తెల్లచొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

పంచాయతీ ఆఫీసులో ఎన్నికల అధికారి మొగుళ్ళందర్నీ బయటికి పంపించాడు. పోయి కిటికీల దగ్గర వరసగా నిలబడ్డారు. మా ఆయన మాత్రం నా మందుల చీటీ తీసి చూపించాడు. “ఆమెకు జబ్బు సార్. ఎప్పుడు బిగుసుకుంటదో తెలవదు. పక్కన మనిషి ఉండాల.” అధికారి పాపం జాలిపడి కుర్చీ కూడా వేయించాడు. గుంటూరు దాకా ఒక్కసారి కూడా తోడు రాని మనిషి, నా చీటీ పట్టుకుని దర్జాగా నా వెనక కూర్చున్నాడు. నాకు అక్కడే అరికాలి మంట నెత్తికెక్కింది.

అధికారి మా మరిది పేరు చదివాడు. వెనక దగ్గు. నేను కదల్లేదు. ఇంకా గట్టిగా దగ్గు. వెనక్కి తిరిగి నాలుగు కడిగేద్దామని నోరు తెరిచాను. అంతే, తెరిచిన నోటితో బిగుసుకుపోయాను.

ఆయనకు క్షణంలో తెలిసిపోయింది. మెల్లగా నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తి వదిలాడు. చెయ్యి పైన నిలిచింది.

“ఆరు,” అన్నాడు అధికారి.

తర్వాత వంటామె పేరు చదివాడు. నా చెయ్యి అక్కడే ఉంది.

“ఆరు,” అని రాసుకుని, రెండూ కలిపి చూసుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “పదకొండు మందికి పన్నెండు చేతులు ఎలా వచ్చాయమ్మా?”

మా ఆయన చప్పున నా చెయ్యి కిందికి నొక్కాడు. వంటామె వైపు మెంబరు ఒకాయన లేచొచ్చి, ఎత్తిన చెయ్యి దించడానికి నువ్వెవరని మళ్ళీ పైకెత్తాడు. ఈయన దించాడు, ఆయన ఎత్తాడు. బోరింగు కొట్టినట్టు కొట్టారు. నేను నోరు తెరుచుకుని వింటూనే ఉన్నాను.

“దానికేం తెలుసు సార్, నేనేది చెప్తే అదే దాని మాట,” అంటున్నాడు మా ఆయన.

అప్పుడు వంటామె లేచింది. “ఆమె చెయ్యి ఎవురూ ముట్టుకోమాకండి. నా లెక్కలో ఏసిన చెయ్యి కూడా కొట్టెయ్యండి సార్, అది ఆమె ఎత్తింది కాదు. ఆమెకు అంతా వినపడిద్ది. వదిలినాక ఆమెనే అడగండి.”

గెలిచే చేతిని ఆమే వద్దంది.

అధికారి సరేనన్నాడు. టీలు వచ్చాయి. పదకొండు గ్లాసులకు పదిమందే తాగగలరు కాబట్టి, మా మరిది మిగిలిన గ్లాసు తీసుకొచ్చి గాల్లో ఉన్న నా అరచేతిలో పెట్టి, చుట్టూ వేళ్ళు మూశాడు. వదిలినాక వదిన తాగుతుందట. ఎంత ప్రేమో. అందరూ నా ఎదురుగా ఊదుకుంటూ తాగారు. కిటికీ దగ్గర ఎవరో ఫోటో కూడా తీశారు.

కాసేపటికి ముందు చిటికెన వేలు వదిలింది. తర్వాత మిగతావి. గ్లాసు జారి వెనక్కి పడింది. టీ అంతా తెల్లచొక్కా మీద.

అధికారి మళ్ళీ మొదలుపెట్టాడు. మా మరిది పేరు చదివాడు. ఈసారి దగ్గు క్షయరోగి దగ్గంత వచ్చింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వంటామె పేరు రాగానే కుడిచెయ్యి తీసి నిటారుగా ఎత్తాను.

“ఇది జబ్బు చెయ్యి సార్,” అని లేచాడు మా ఆయన. “మళ్ళీ వచ్చింది. దీన్ని లెక్కెయ్యమాకండి.”

అధికారి పెన్ను ఆపి నా మొహంలోకి చూశాడు. నా బతుకులో నేను సొంతంగా ఎత్తిన మొదటి చెయ్యి అది. దాన్నీ మా ఆయన రోగమంటున్నాడు.

“జబ్బు చెయ్యి ఇందాకటిది సార్,” అన్నాను. “దాన్ని ఎత్తింది ఈయన. దీన్ని ఎత్తింది నేను. ఇంకా అనుమానమైతే ఈయన చెప్పు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టండి, ఏం చేస్తానో మీరే చూద్దురుగాని.”

అధికారి చెప్పు అడగలేదు. ఆరు అని రాసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. పిలిస్తే పలకడు, రెప్ప వెయ్యడు. చొక్కా మీద టీ మరక ఇంకా ఆరలేదు. మా అత్త హడలిపోయి, “వీడికీ అంటుకుందే,” అంటూ ఉల్లిపాయ కోసం లోపలికి పరిగెత్తింది.

నేను వెళ్ళి ఆయన పక్కన చతికిలబడ్డాను.

“నీకు వినపడిద్దిలే, కంగారు పడమాక,” అని చెప్పి, ఉపసర్పంచి ఎవరైందో మొదట్నుంచీ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాను.