అత్తగారి చీమల తోట

మొన్న మా మనవరాలు సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎర్రచీమలు ఒకదాని నడుం ఒకటి పట్టుకుని, గొలుసులా సాగి, ఆకు అంచును లాగుతున్నాయి. ఏ దేశంలోనో శాస్త్రజ్ఞులు వాటి బలం కొలిచారట. మనుషులు తాడు లాగితే గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరూ ఎంతో కొంత చెయ్యి వదులు చేస్తారు. ఈ చీమలు మాత్రం గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కటీ మరింత గట్టిగా లాగుతాయట. ఆ కిటుకు మరమనుషులకు నేర్పాలని చూస్తున్నారట. "ఇది కొత్తగా కనిపెట్టేరు నానమ్మా" అంది. నాకు కొత్త కాదని చెప్పబోయి ఊరుకున్నాను. అది చెప్పాలంటే ముందు మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ గురించి రెండు ముక్కల్లో చెప్పడం నాకు చేతకాదు.

నాకు పెళ్లయింది పంతొమ్మిదివందల యాభైల చివర్లో. విజయనగరంలో ఎస్సెల్సీ దాకా చదువుకున్నదాన్ని, నౌపడా దగ్గర చిన్న రైలెక్కి, కళ్లలో పడ్డ బొగ్గునుసి తుడుచుకుంటూ ఒరిస్సాలోని గుణుపురంలో దిగాను. సైన్సులో మంచి మార్కులు వచ్చాయన్న గర్వం నా ట్రంకుపెట్టెతో పాటే దిగింది. మామగారి తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వంశధార పక్కన భూములు చేసుకున్నవాళ్లు. ఇంటి వెనక ముప్పై మామిడిచెట్లు ఉండేవి. అవి అత్తగారు కాపురానికి వచ్చిన కొత్తలో బిందెలతో నీళ్లు మోసి పెంచినవి. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. పొడుగ్గా, సన్నగా ఉండేది. పొద్దున్నే చుట్ట వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తోటంతా ఒక చుట్టు తిరిగి వచ్చేది. ఆ నిప్పు నాలిక్కి ఎలా తగలదో నా సైన్సు పుస్తకంలో ఎక్కడా లేదు.

అప్పటికే రెండేళ్లుగా తోటకి తేనెమంచు పురుగు పట్టింది. పూత నిండా పూసేది, జిగురు కారి, నల్లబడి రాలిపోయేది. మామగారు విసిగిపోయి, చెట్లు కొట్టించి చెరకు వేస్తానన్నారు. ఆయన మాటకి ఇంట్లో ఎదురు లేదు. అత్తగారు మాత్రం గుమ్మం పక్కన నిలబడి, ఇంకొక్క పూత చూడమని అడిగింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. దాన్నే ఒప్పుకోలుగా తీసుకుంది ఆవిడ.

ఆవిడ ధీమాకి కారణం దారి పక్కనున్న ఒక్క మామిడిచెట్టు. దానిమీద ఎర్రచీమలు ఆకులు కుట్టుకుని గూళ్లు పెట్టుకున్నాయని ఎవరూ దాని జోలికి పోయేవారు కాదు. కానీ ఆ చెట్టుకి ఒక్కదానికే రెండేళ్లూ కాయ నిలిచిందని ఆవిడ కనిపెట్టింది. సంతరోజున కొండ దిగివచ్చే సవర తెగ ఆడమనిషి ఒకామె అత్తగారికి నేస్తం. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు పెట్టి పిలుచుకునేవారు కాదు, నేస్తమనే పిలుచుకునేవారు. చీమల గూళ్లు కావాలని అడిగితే, కొండమీదివాళ్లు నూరుకునే చీమల పచ్చడికేమో అనుకుని ఆ నేస్తం నవ్వింది. సంగతి విన్నాక నవ్వు మానేసి, మరుసటి వారమే కొమ్మలతో సహా కోసిన గూళ్లు బుట్టలో మూత బిగించి తెచ్చింది.

మొదటిసారి అంతా నాశనమైంది. నాలుగు కొండల గూళ్లు ఒకే తోటలో కట్టేసరికి చీమలు వాటిలో అవే కొట్టుకు చచ్చాయి. చెట్ల మొదట్లో చచ్చిన చీమలు ఎర్రటి పొట్టులా పడున్నాయి. మామగారు చూసి, సాయంత్రానికి గొడ్డళ్లకి పదును పెట్టించారు. అత్తగారు ఆ రోజు అన్నం తినలేదు. మళ్లీ సంతకి ఆ నేస్తమే తేల్చింది, ఇవన్నీ వేరువేరు ఇళ్లవి, ఒక్క ఇంటివాళ్లనే తేవాలని. ఈసారి ఒకే చెట్టు గూళ్లు వచ్చాయి. అత్తగారూ నేనూ అడవితీగలు తెచ్చి, చీమలు నేలమీదికి దిగకుండా ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వంతెనల్లా కట్టాం. మెడమీదా మోచేతులమీదా కుట్టించుకోని రోజు లేదు.

ఒక మధ్యాహ్నం అవి కొత్త గూడు కడుతుంటే ఆవిడ నన్ను పక్కన నిలబెట్టుకుంది. చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లిగా అంది.

"ఎనకున్నవి లాగట్లేవే అమ్మీ, సూడు. ముందున్నవే లాగుతున్నాయి. ఎనకవి ఆ లాగిందాన్ని జారిపోకుండా పట్టుకున్నాయి. అందుకే ఎంతమంది సేరితే అంత జోరు."

నాకప్పుడు చెయ్యి మండుతోంది. ఊఁ అన్నాను.

ఆ మాఘంలో పూత నిలిచింది. అన్నిటికీ కాదు. చీమలు కుదురుకున్న పన్నెండు చెట్లకి గుత్తులు గుత్తులుగా కాయ దిగింది. మిగతావి మళ్లీ నల్లబడ్డాయి. మామగారు అన్న మాట ప్రకారం వాటిని కొట్టించేశారు. అత్తగారు అడ్డు చెప్పలేదు, కొట్టినంతసేపూ పెరట్లోకి రాలేదు. పన్నెండు మాత్రం మిగిలాయి. మొదటి కాయ తానే కోస్తానని ఎక్కిన మామగారు ఎంత తొందరగా దిగారో, దిగాక పంచె ఎలా దులుపుకున్నారో నేను చూడనట్టే నటించాను.

ఆ సంగతి ఊళ్లో పాకి, కోరాపుట్ నుంచి వ్యవసాయ శాఖ అధికారి ఒకాయన జీపులో వచ్చాడు. తోటంతా తిరిగి, తీగల వంతెనలు ముట్టుకుని చూసి, కాగితం తీసి, ఇది చేసిందెవరని ఒడియాలో అడిగాడు. అరుగు మీద పదిమంది పెద్దమనుషులున్నారు. మగవాళ్ల ముందు మామగారు అత్తగారిని పేరెత్తి పిలవడం గానీ, బయటికి రమ్మనడం గానీ నేనెన్నడూ చూడలేదు.

"నానేటీ సెయ్యలేదు బాబూ. నాను నరికేద్దామనుకున్నాను" అని ఆయన గుమ్మం వైపు తిరిగి, "ఇలా రా. నువ్వే సెప్పు" అన్నారు.

ఆవిడ చుట్ట ఆర్పి, కొంగు సర్దుకుని అరుగుమీదికి వచ్చింది. తనకొచ్చిన సంత ఒడియాలో, తడుముకోకుండా, మొదటిసారి చచ్చిన చీమల సంగతితో సహా చెప్పింది. తన నేస్తం ఊరి పేరు రెండుసార్లు చెప్పి, ఆయన అది రాసుకునేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. తలుపు వెనక నిలబడి విన్న నాకు ఆ వేళ నా మార్కుల గర్వం ఎటు పోయిందో తెలియదు.

ఆవిడ అరవై నిండకుండానే పోయింది. ఆ వయసు దాటి నాకు పాతికేళ్లయింది. అయినా ఆవిడ తలపుకొస్తే ఇప్పటికీ ఆవిడే పెద్దది, నేను చెయ్యి మండుతూ పక్కన నిల్చున్న కొత్తకోడల్నే. కాలం అన్నీ మార్చింది గానీ, మా ఇద్దరి మధ్య ఆ వరసని మాత్రం ముట్టుకోలేదు.